వైండింగు పద్మ, నెత్తురు చుక్కల మందు

కోరుట్ల నుంచి ఇబ్రహీంపట్నం పోయే రోడ్డు మీద, పంచరు షాపు దాటగానే ఒక రేకుల షెడ్డు ఉంటుంది. దాని ముందర మట్టి కొట్టుకుపోయిన మోటార్లు పడి ఉంటాయి. కొన్ని బాయిలోంచి అప్పుడే పైకి వచ్చినవి, వాటి మీద పాచి కూడా ఆరి ఉండదు. బోర్డు మీద గణేశ్ మోటార్ వర్క్స్ అని రాసి ఉంది. ఆ పేరుతో ఎవరూ పిలవరు. మోటరు కాలిందంటే చుట్టుపక్కల రైతుల నోట వచ్చే మాట ఒకటే: "వైండింగు పద్మ దగ్గర ఏసి రా."

బోర్డు రాయించిననాడు అది నిజంగా గణేశ్ షాపే. అతని నాయన నర్సింగం బాయిలు తవ్వే కూలి. పరాయివాళ్ల భూముల్లో నీళ్లు పడేదాకా తవ్వి, నీళ్లు పడ్డాక గడ్డపార భుజాన వేసుకుని ఇంకో ఊరికి పోయేవాడు. కొడుకు అవే బాయిల్లోకి మోకు పట్టుకుని దిగి మోటార్లు దించడం, ఎక్కించడం నేర్చుకున్నాడు. లోపల తీగ చుట్టే పని మాత్రం అతనికి పట్టుబడలేదు. దానికి ఒక మేస్త్రీని పెట్టుకున్నాడు. షాపు నిండా మోటార్లున్న ఒక యాసంగి పంటకాలంలో ఆ మేస్త్రీ చెప్పాపెట్టకుండా దుబాయి విమానం ఎక్కేశాడు.

గణేశ్ భార్య పద్మ అప్పటికి షాపుకు అన్నం తెచ్చే మనిషి. గిన్నె పక్కన పెట్టి, మేస్త్రీ తినడం మొదలుపెట్టేదాకా అతని చేతులనే చూస్తూ కూర్చునేది. రైతులు షాపు ముందర లొల్లి పెడుతుంటే, తుక్కులో పడేసిన కాలిన మోటరు ఒకటి ముందరేసుకుని, పాత తీగను ఒక్కొక్క చుట్టే విప్పుకుంటూ ఏది ఎటు పోయిందో చూసుకుంది. మళ్లీ అట్లాగే చుట్టింది. కరెంటు పెట్టగానే అది పొగ కక్కింది. తర్వాతది తిరిగింది గానీ మూలిగింది. ఆ తర్వాతది బాయికి ఎక్కింది. అప్పటి నుంచి గణేశ్ ఇంకో మేస్త్రీని వెతకలేదు.

ఆ పనిలో గొప్పలు చెప్పుకోవడానికి ఏమీ లేదు, ఓపిక ఉంటే చాలంటుంది పద్మ. మోటరు గుండ్రటి పెంకు లోపల చుట్టూ సన్నటి గాడులుంటాయి. ఒక్కొక్క గాడిలో ముందు కాగితం పరచాలి. దాని మీద రాగి తీగ చుట్టను పేర్చాలి. పైన వెదురు బద్ద తోసి నోరు మూయాలి. రాగి తీగ మీద కంటికి ఆనీ ఆనని పూత ఉంటుంది. ఆ పూత గోరంత లేచినా రెండు చుట్లు ఒకదాన్నొకటి తాకి మోటరు కాలుతుంది. అందుకని పద్మ తీగను వేళ్ల మధ్య జార్చుకుంటూ, వెలుతురుకు పట్టి చూసి మరీ లోపలికి పంపేది. పని సగం వేళ్లది, సగం కళ్లది.

ఆ కళ్లే మొరాయించాయి.

మొదట ఇసుక పడ్డట్టు గరగరలాడాయి. రాగి దుమ్మేమో అనుకుంది. తర్వాత చుట్ల మీద పోసే వార్నిష్ వాసనకేమో అనుకుంది. రాను రాను పొద్దున లేచేసరికి రెప్పలు కంటికి అతుక్కుని ఉండేవి. తడిబట్ట అద్దుకుని మెల్లగా విప్పుకోవలసి వచ్చేది. ఎండలోకి చూస్తే సూదులు గుచ్చినట్టయ్యేది. నోరు కూడా ఎండుకుపోయేది. మక్క రొట్టె ముక్క మింగాలంటే పక్కన నీళ్ల చెంబు ఉండాల్సిందే.

ఆ రోజుల్లోనే గొల్లపల్లిలో పద్మను చిన్నప్పుడు సాకిన చిన్నమ్మ ఐలవ్వ చనిపోయింది. ఆడవాళ్లు ఒకరి మెడ మీద ఒకరు పడి ఏడుస్తున్నారు. పద్మ కళ్లు మిరపపండ్లలా ఉన్నాయి, చుక్క మాత్రం రాలలేదు.

"సూడుండ్రి, సాదిన చిన్నమ్మ పోతే గింత గట్టి గుండెనా!" అని ఎవరో ఆమెకు వినబడేటట్టే అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో గణేశ్‌తో, "ఏడుపు అస్తున్నదయ్యా, నీళ్లే అస్తలేవు" అంది.

గణేశ్ నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

మందుల షాపులో దొరికే చుక్కలన్నీ అయ్యాయి. వేసిన కాసేపు చల్లగా ఉండేది, మళ్లీ మామూలే. అయినా పద్మ బల్ల వదల్లేదు. చివరికి వదిలించింది జలపతి మోటరు. జలపతి ఇబ్రహీంపట్నం రైతు, వాళ్లకు పాత గిరాకి. పద్మ చుట్టి పంపిన మోటరు నాట్లు వేసిన వారానికే కాలింది. అతను దాన్ని ట్రాక్టరు మీద వేసుకొచ్చి దించాడు.

"చెల్లే, నీ చేతి మోటరు గిట్ల కాలుడు నేను ఎన్నడు సూడలే" అన్నాడు. కోపంగా అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది పద్మకు.

విప్పి చూస్తే, గాడి అంచుకు గీసుకుని తీగ పూత లేచిన చోటు మసిబారి కనబడింది. వెనకటి కళ్లయితే ఆ గీత తప్పించుకునేది కాదు. పద్మ చేతులు తుడుచుకుని, బల్ల మీద పాత చీర కప్పేసింది.

జగిత్యాలలో విఠల్ అని పనిమంతుడైన వైండింగు మేస్త్రీ ఉన్నాడు. గణేశ్ మోటార్లన్నీ ఆటోలో వేసుకుని అతని దగ్గరికి మోయడం మొదలుపెట్టాడు. ఆ మోత ఖర్చు ఎక్కువైంది. ఒకనాడు అన్నం తింటూ మెల్లగా అన్నాడు.

"విఠల్‌నే ఈడికి రమ్మంటే ఎట్లుంటదంటవు? ఉగాదికల్ల అస్త అంటున్నడు. బల్ల గాయినకు ఇద్దాం. నువ్వు ముందర కూసొని గిరాకి సూసుకో."

పద్మ మజ్జిగ పోసుకుంది. "నా కండ్లు బాగైతే?"

"బాగైతే నీ బల్ల నీకే."

"ఒకరు కూసున్నంక లేపుతమా?"

గణేశ్ కంచంలో అన్నం కలుపుకున్నాడు. లేపలేరని ఇద్దరికీ తెలుసు.

కూతురు కవిత కోరుట్లలోనే ఒక మెడికల్ షాపులో పనిచేస్తుంది. ఆమె పట్టుబట్టి తల్లిదండ్రులను కరీంనగర్‌లో కంటి దవాఖానకు పంపింది. అక్కడ డాక్టరు శారద, పద్మ కింది రెప్ప లోపల సన్నటి కాగితపు ముక్క ఒకటి పెట్టి, కళ్లు మూసుకోమంది. గాడిలో కాగితం పరిచినట్టే ఉందనుకుంది పద్మ. తీసి చూస్తే ఆ కాగితం పెట్టినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే పొడిగా ఉంది. తర్వాత నెత్తురు పరీక్షలు చేశారు. అవి వచ్చాక డాక్టరమ్మ విడమరచి చెప్పింది.

"ఒంటిని కాపాడే శక్తి దారి తప్పి, కన్నీళ్లు, ఉమ్మి ఊరే గ్రంథుల మీదనే పడ్డదమ్మా. దానికి గోళీలు ఇస్త. కంటి పైపొర పుండ్లు పుండ్లయింది. బయట దొరికే చుక్కలు తడి చేస్తయి గంతే, దాన్ని మాన్పలేవు. మన కన్నీళ్లల్ల మాన్పే గుణం ఉంటది. దానికి దగ్గరిది మీ నెత్తురులనే ఉన్నది. దాంతోనే చుక్కల మందు చేస్తం."

"నెత్తురు కంట్ల పోస్తరా మేడం?" గణేశ్ కుర్చీలో ముందుకు జరిగాడు.

"ఎర్రది కాదు. నెత్తురు తీసి కొంచెం సేపు పెడితే గడ్డ కడ్తది. మిషన్‌ల తిప్పితే పైన తేట నీళ్లు తేల్తయి. అది సీరం. దాంట్ల సెలైన్ కలిపి చిన్న సీసాల్ల పోసిస్తం."

"నాది తీసుకోండి. నేను బలంగున్న."

డాక్టరమ్మ నవ్వింది. "ఎవలది వాళ్లకైతేనే మంచిది. ఇంకొక మాట. ఇది అందరికి ఒక్క తీరుగ పనిచెయ్యదు. పనిచేసినా రోగం పోదు, వాడినన్ని దినాలు కండ్లు నిమ్మళంగుంటయి."

"సూది, దారం పట్టుకునే పని చేసుకోవచ్చా మేడం?" అని అడిగింది పద్మ. మోటరు సంగతి చెప్తే ఆమెకు అర్థం కాదేమోనని అట్లా అడిగింది.

"చూద్దాం" అంది డాక్టరమ్మ.

నెత్తురు తీసే రోజుకు ముందర దవాఖాన నుంచి ఫోనొచ్చింది. ఎత్తింది గణేశ్. ఫోన్ పెట్టేసి, వంటింటి గడపలో నిలబడి తల్లి నర్సవ్వకు అప్పజెప్పాడు.

"అవ్వా, నెత్తురు తక్కువుంటే తియ్యరట. మంచిగ తిని రమ్మన్నరు. నూనెవి తినద్దన్నరు."

నర్సవ్వకు అంతకన్నా కావలసిందేముంది? కోడలి కళ్లు ఎండిపోతుంటే ఏమీ చేయలేక కూర్చున్న మనిషికి పని దొరికింది. పొద్దున్నే మేకను కోసే చోటికి తనే పోయి, దగ్గర నిలబడి కార్జం, గడ్డకట్టిన నెత్తురు నల్ల, ఎముకలున్న తునకలు ఏరి కొట్టించుకుంది. పొద్దుమూకే వేళకు ఆ ఇంటి వాసన పంచరు షాపుదాకా పోయింది. తెల్లారి బస్సెక్కేముందు పెద్ద గిన్నెడు మేక కాళ్ల పాయ షోర్వ పోసింది.

"సాలు అత్తా, నాతోని కాదు."

"తాగు పిల్లా. నల్ల తింటే నెత్తురు పడ్తది, షోర్వ తాగితే చిక్కబడ్తది. ఆళ్లు సీసల కొద్ది గుంజుకుంటరట. మనింట్ల నెత్తురు లేదని వాపసు పంపితే నా ఇజ్జత్ పోదా?"

కరీంనగర్ దవాఖానలో అఖిల్ అనే టెక్నీషియన్ నెత్తురు తీశాడు. మొగుడూ పెళ్లాలు బయట బెంచీ మీద కూర్చున్నారు. చాలాసేపటికి అతను ఒక గాజు గొట్టం పట్టుకుని బయటికొచ్చాడు. అడుగున ఎర్రటి గడ్డ, పైన తేట నీళ్లు ఉండాల్సిన చోట తెల్లగా, పాలలాగా ఉంది.

"అక్కా, ఏం తిన్నవు?"

"ఏం లేదు సార్, పొద్దుగాల షోర్వ."

"ఏం షోర్వ?"

"పాయ."

"రాత్రి?"

పద్మ గణేశ్ వైపు చూసింది. గణేశ్ గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు. "కార్జం" అంది మెల్లగా. "నల్ల. జరన్ని తునకలు."

అఖిల్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "కొవ్వు తినద్దని ఫోన్‌ల చెప్పిన్రు కదా?"

"నూనె అన్నరు సార్" అన్నాడు గణేశ్. "మా అవ్వ సుక్క నూనె పొయ్యలే. దాని కొవ్వుతోనే ఉడికించింది."

"మంచి పని చేసింది" అన్నాడు అఖిల్. "ఆ కొవ్వంత దీంట్లకు అచ్చింది. గీ పాలు కంట్ల ఏసేటట్టు లేదక్కా. కొన్ని దినాలాగి మళ్ల తీద్దాం. అప్పుడు మాంసం వద్దు, నెయ్యి వద్దు, మీగడ వద్దు. ఉడకబెట్టిన పప్పు, అన్నం. గంతే."

బస్సులో పద్మ కిటికీ అద్దం మూసి, కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. పక్క సీట్లో గణేశ్ ఒకటి రెండుసార్లు నవ్వించబోయాడు. ఆమె నవ్వలేదు. ఉగాది దగ్గరికొస్తోంది. విఠల్ సామాను సర్దుకునే ఉంటాడు.

ఇంటికొచ్చేసరికి నర్సవ్వ వాకిట్లోనే ఉంది. "తీసిండ్రా? నెత్తురు మంచిగున్నదన్నరా?"

జరిగింది గణేశ్ చెప్పాడు. నర్సవ్వ చేతిలోని చీపురును గోడకు ఆనించి, మళ్లీ తీసి, మళ్లీ ఆనించింది.

"నేను బలానికని పెట్టిన" అంది చివరికి.

"ఎరుకే అత్తా. నువ్వు పెట్టింది కడుపుకు మంచిదే. కంటికి పడలే" అంది పద్మ.

"మరి ఏం పెట్టాల్నో నాకు చెప్పుండ్రి. గట్లనే వండుత."

అన్నట్టే వండింది. అఖిల్ చెప్పినదానికన్నా నాలుగు ఆకులు ఎక్కువే చదివింది. పెసరకట్టు, మెత్తటి అన్నం, ఉప్పు. తాలింపు కూడా లేదు. పక్కింటివాళ్లు దావతు నుంచి బిర్యానీ తెచ్చిస్తే గడప దాటనివ్వలేదు. "మా కోడలికి నెత్తురు పరీక్షున్నది, అయినంక తెండ్రి" అని పంపేసింది. గణేశ్‌కు కూడా అదే పెసరకట్టు.

"నా నెత్తురు ఎవలు తీస్తలేరు గదనే అవ్వా!"

"నువ్వు తింటుంటే ఆమెకు పానం గుంజదా? మూసుకొని తిను."

ఈసారి తను కూడా వస్తానని బస్సెక్కింది నర్సవ్వ. నెత్తురు తీశాక అఖిల్‌ను పిలిచి, గొట్టం తనకు చూపించాలని అడిగింది. అతను తెచ్చి చూపించాడు. ఎర్రటి గడ్డ మీద లేత పసుపు రంగు నీళ్లు, అవతల ఉన్న వేళ్లు కనబడేంత తేటగా ఉన్నాయి.

"నా కోడలి నెత్తురుల గింత తేట నీళ్లున్నయా!"

"అందరి నెత్తురులుంటయవ్వా. నీ దాంట్ల సుత."

"నా దాంట్ల ఉండయి" అంది నర్సవ్వ. "నేను నిన్న దొంగతనంగ కార్జం తిన్న."

ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్లందరూ నవ్వారు. పద్మ కూడా నవ్వింది.

మందు తయారయ్యాక ఐసు పెట్టిన డబ్బాలో చిన్న చిన్న సీసాలు ఇంటికొచ్చాయి. కవిత వాటిని ఫ్రిజ్జు పైఅరలో గడ్డకట్టేటట్టు పెట్టి, వాడేది ఒక్కటే కింది అరలో ఉంచింది. ఆ సీసా అయిపోకముందే పాతబడితే పారేయాలని, రంగు మారితే వాడొద్దని, మూతి రెప్పకు తగలనివ్వొద్దని చెప్పింది. పైఅర మీద కాపలా నర్సవ్వ తీసుకుంది. ఎవరైనా ఐసు గడ్డ అడిగితే "లేదు" అనడమే. కరెంటు పోతే ఫ్రిజ్జు తలుపు ముందర పీట వేసుకుని కూర్చునేది, ఎవరూ తెరవకుండా.

మొదటి చుక్క వేసుకున్నప్పుడు మండుతుందేమోనని పద్మ పళ్లు బిగపట్టింది. మండలేదు. చల్లగా తాకి, నెమ్మదిగా పరుచుకుంది. ఇంకేమీ జరగలేదు. మరునాడూ ఏమీ జరగలేదు. పూటకు రెండు మూడుసార్లు వేసుకుంటూనే ఉంది. ఇంట్లో వాళ్లు ఆమె మొహం చూడటం, ఆమె తల అడ్డంగా ఊపడం అలవాటైపోయింది.

కొన్ని వారాలు గడిచాక ఒక పొద్దున పద్మ లేచి, పొయ్యి వెలిగించి, చాయ్ పెట్టింది. చాయ్ పొంగుతుండగా గుర్తుకొచ్చింది, లేచినప్పుడు తడిబట్ట అడగలేదని. రెప్పలు వాటంతట అవే తెరుచుకున్నాయి. గరగర ఉంది, లేకపోలేదు. కానీ సూదులు లేవు. ఎవరికీ చెప్పలేదు. చాయ్ పోసిచ్చి, షెడ్డులోకి పోయి, బల్ల మీది పాత చీర తీసి మడతపెట్టింది.

ఆ రోజే పక్క ఊరి మంజుల మోటరు తెచ్చింది. భర్త మస్కట్‌లో ఉంటే ఎవుసమంతా తనే చూసుకునే మనిషి. పొట్టకొచ్చిన వరి ఆమెది.

"జగిత్యాలకు పంపి తెప్పిస్త" అన్నాడు గణేశ్.

"ఇటు పెట్టు" అంది పద్మ బల్ల దగ్గరి నుంచి.

గణేశ్ ఆమెను చూశాడు, మోటరును చూశాడు, మళ్లీ ఆమెను చూశాడు. "మల్ల కాలితే ఎవల పేరు పోతది?"

"నాదే. పెట్టు."

కవిత కొనుక్కొచ్చిన పక్కలు మూసిన కళ్లద్దాలు పెట్టుకుంది. తల మీద తిరిగే ఫ్యాను గాలి తగలని మూలకు బల్లను జరిపించింది. పాత తీగ విప్పింది, గాడులు గీకి శుభ్రం చేసింది, కాగితం పరిచింది. ఇదివరకు ఒక్క ఊపున చేసేది. ఇప్పుడు రెండు మూడు గాడులకొకసారి ఆగి, చేతులు సబ్బుతో కడుక్కొని, చుక్క వేసుకుని, కళ్లు మూసుకుని కూర్చునేది. మంజుల ఓపిక లేక అటూ ఇటూ తిరిగింది.

"పద్మక్కా, పని చేస్తున్నవా, నిద్రపోతున్నవా?"

"రెండూ చేస్తున్న. కూసో."

తీగను వేళ్ల మధ్య జార్చుతుంటే ఒక చోట వెలుతురు వేరేగా మెరిసింది. ఆపి చూసింది. పూత మీద వెంట్రుకంత గీత. ఆ తీగ ముక్కను కత్తిరించి అవతల పడేసి, మళ్లీ మొదటి నుంచి చుట్టింది. గణేశ్ ఆ ముక్కను తీసుకుని, వెలుతురుకు పట్టి, చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. అతనికి గీత కనబడిందో లేదో గానీ, జేబులో వేసుకున్నాడు.

సాయంత్రానికి వార్నిష్ పోయడం అయింది. మంజుల ఆటో పిలుస్తానంది.

"రేపు పొద్దుగాల" అంది పద్మ. "ఆరకుండ నేనియ్య."

"పొలం ఎండుతున్నదక్కా."

"ఒక్క రాత్రికి ఎండది. పచ్చి మోటరు దించితే మళ్ల నాలుగు దినాలు ఎండుతది."

మంజుల గొణుక్కుంటూ పోయింది. మరునాడు గణేశ్ మోటరు తీసుకుపోయి బిగించి, ఫోన్ చేశాడు. మాట్లాడకుండా ఫోన్‌ను మోటరు దగ్గర పెట్టాడు. పద్మ చెవికి ఆనించుకుంది. మూలుగు లేదు. ఒకే తీరుగా, సన్నటి హుమ్మని శబ్దం. దాని వెనక పైపులోంచి నీళ్లు దూకుతున్న చప్పుడు, మంజుల ఎవరినో గట్టిగా పిలుస్తున్న గొంతు.

"విన్నవా?" అన్నాడు గణేశ్. "విఠల్‌కు ఫోన్ చేసి ఉగాదికి రావద్దని చెప్తున్న ఇగ."

పద్మ కళ్లద్దాలు తీసింది. నిన్న పొద్దంతా కూర్చున్నందుకు ఎడమ కన్ను కొంచెం ఎర్రబడి ఉంది. మధ్యాహ్నం దాటాక చూపు అలిసిపోవడం ఆమెకు తెలిసింది. దాన్ని దాచుకుంటే మళ్లీ ఎవరిదో ఒకరి మోటరు కాలుతుంది.

"రావద్దనకు. రమ్మను" అంది. "మధ్యాన్నం సంది ఆయన కూసుంటడు. పొద్దుగాల బల్ల నాది. గట్లయితెనే రమ్మని చెప్పు."

ఫోన్ పెట్టేసి చేతులు కడుక్కుంది. అరచేతిలో పట్టే ఆ చిన్న సీసా తీసి, తల వెనక్కి వాల్చి, రెండు కళ్లలో చుక్కలు వేసుకుంది. అవి పరుచుకునేదాకా ఆగి, తర్వాతి మోటరు మూత బోల్టులు విప్పడం మొదలుపెట్టింది.